గుమ్మం పట్టని కుర్చీ

మా అత్త ఎవరింటికి వెళ్ళినా ముందు కిటికీలను చూస్తుంది, మనుషులను తర్వాత చూస్తుంది. కర్టెన్ల షాపులో ఆమెది కొలతలు తీసే పని. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క, చంకలో మడత స్టూలు. షాపాయన ఏ ఇంటికి పంపితే ఆ ఇంటికి వెళ్ళి, స్టూలెక్కి, కొలిచి, దిగి వస్తుంది. ఆమె కొలిచిన తెర పొట్టిదైందనో పొడుగైందనో ఇంతవరకు ఎవరూ వెనక్కి తేలేదు.

ఆ షాపులోనే వెనకగదిలో నేను తెరల అంచులు మడిచి ఇస్త్రీ చేస్తాను. నాయనమ్మ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలని నన్ను తొమ్మిదో తరగతిలో బడి మాన్పించారు. ఆమె కర్ర పట్టుకుని నడిచేసరికి నా తోటివాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయారు. మళ్ళీ వెళ్ళి చిన్నపిల్లల పక్కన కూర్చోడానికి నాకు సిగ్గేసింది. అమ్మ లేదు. నాన్న ఉన్నాడు గానీ ఇంకో ఊళ్ళో ఇంకో సంసారంతో ఉన్నాడు. మిగిలింది అత్త, ఆమె తల్లి అయిన నాయనమ్మ, నేను, మేడ మీద ఒక్క గది.

అత్త నాకు పని నేర్పిన మొదటిరోజే ఒక మాట చెప్పింది. కిటికీని కొలవడమంటే కిటికీని కొలవడం కాదట. పైన వేసే కడ్డీని కొలవాలి. కడ్డీ చట్టానికి అటొక జాన, ఇటొక జాన బయటికి వస్తేనే, తెర పక్కకు లాగినప్పుడు వెలుతురు మొత్తం లోపలికి పడుతుంది. అందుకని ఆమె ఏ కిటికీ దగ్గర నిలబడ్డా చట్టానికి జానెడు దూరంలో గోడ మీద సుద్దగీత పెడుతుంది. అటు ఒకటి, ఇటు ఒకటి. గీత నుంచి గీతకు టేపు లాగుతుంది. చూడదు కూడా, చెయ్యి దానంతటదే వెళుతుంది.

ఇంత పనిమంతురాలి ఇంట్లో కిటికీకి కర్టెను లేదు. మేకులకు కట్టిన తాడు మీద పాత దుప్పటి వేలాడుతూ ఉంటుంది. కావలసినవి కొనడమంటే అత్తకు బద్ధకం. అక్కర్లేనివి కొనడానికి మాత్రం ఎక్కడలేని ఓపిక.

తలుపు పక్కన బంగారు రంగు తాళాల పలక ఉంది. దానికి ఐదు కొక్కేలు. మా ఇంటికి ఉన్నది ఒకటే తాళంచెవి. అది కూడా నాయనమ్మ బొడ్డులో ఉంటుంది. హంస ఆకారంలో ఒక సబ్బు ఉంది. దాంతో స్నానం చేస్తే ఊరుకోదు. నా వేళ్ళంత ఎత్తుండే గాజుగ్లాసులు అరడజను ఉన్నాయి. వాటిలో టీ పోస్తే రెండు గుటకలు. దుమ్ము పడుతుందని అవి పెట్టెలోనే ఉంటాయి. ప్లాస్టిక్ ద్రాక్షగుత్తి ఒకటి గోడకు వేలాడుతుంది. వారానికోసారి దాన్ని కడిగేది నేను. గింజ గింజా కడగాలి. నిజం ద్రాక్ష అయితే ఒకసారి కడిగి తినేయొచ్చు, పీడ విరగడ.

"మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనెట!" అంటుంది నాయనమ్మ ప్రతి కొత్త పొట్లానికీ.

"నాకు మీసాల్లేవులే అమ్మా, నీకే కాస్త వస్తున్నాయి," అంటుంది అత్త పొట్లం విప్పుతూ.

ఇన్ని వస్తువులున్నా నేనెప్పుడూ నోరెత్తలేదు. నాకు నోరు తక్కువ. షాపులో ఎవరైనా కొత్తవాళ్ళు వెనకగదిలోకి తొంగిచూస్తే ఇస్త్రీపెట్టె మీదికి ఇంకాస్త వంగిపోతాను. అలాంటిదాన్ని షాపాయన ఒకరోజు పిలిచి, "కొత్త కరెంటు మిషన్లు వస్తున్నాయమ్మా. వెనక ఇంతమంది అక్కర్లేదు. అవి వచ్చాక నువ్వు ముందు కౌంటరులో కూర్చో," అన్నాడు.

కౌంటరంటే నాకు ముళ్ళకుర్చీ. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా జనం. ఈ రంగు వెలుస్తుందా, ఆ రంగు ఉతకొచ్చా, నిన్న ఇస్తామన్నారు ఇవ్వలేదేం, నువ్వెవరు, ఇక్కడ కూర్చునే ముసలాయన ఏడీ. ఆ రాత్రి నాకు భోజనం దిగలేదు.

అత్తే ఒక దారి చెప్పింది. షాపులో మూలపడిన తొక్కుడు కుట్టుమిషను ఉంది. కొత్తవి వస్తున్నాయి కాబట్టి షాపాయన దాన్ని వదిలించుకోవాలి. ఇన్నేళ్ళు చేసినందుకు అత్తకు ఏదో ఒకటి ఇవ్వాలని కూడా ఆయనకు మనసులో ఉంది. రెండూ కలిపి ఒకే దెబ్బకు తేల్చేశాడు.

"ఆ మిషను తీసుకో. అది వద్దంటే మా బావమరిది ఫర్నిచరు షాపులో అమ్ముడుపోనివి చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి పట్టుకుపో. రెండిట్లో ఒకటి. రెండూ అడిగేవు!"

"ఇంకేం కావాలి సార్, మిషనే. మా పిల్లకి," అంది అత్త. నేను పక్కనే నిలబడి విన్నాను.

పక్కవీధిలో దిండ్లు చేసే ఆవిడ గలీబులు కుట్టడానికి ఇళ్ళకే గుడ్డ పంపుతుంది. మిషనుంటే నాకూ ఇస్తానంది. మిషను ఇంటికి వస్తే నేను కౌంటరుకు వెళ్ళక్కర్లేదు. ఎవరి మొహమూ చూడక్కర్లేదు. కిటికీ కింద మూల, కాళ్ళ కింద తొక్కుడుచెక్క, అంతే. "ఆ మూల నీదే," అంది అత్త. అక్కడున్న ఒక ప్లాస్టిక్ పూలకుండీని తీసి మంచం కిందికి తోసింది కూడా.

మిషను వచ్చే ముందురోజు నేను నాయనమ్మ కాళ్ళకు నూనె రాస్తూ ఉంటే, అత్త గుమ్మం బయట నిలబడి టేపు సాగదీస్తూ కనిపించింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మిషను గుమ్మంలో పడుతుందో లేదోనని కొలుస్తోంది అనుకున్నాను. ఆ మిషను పట్టని గుమ్మమంటూ ఉండదని నాకు తెలుసు, అది నా నడుమంత వెడల్పు ఉంటుంది. అయినా నాకోసం అంత జాగ్రత్త పడుతోందని మురిసిపోయాను.

మర్నాడు మూల కడిగాను. కాళ్ళు జారకుండా పాత గోనెపట్టా పరిచాను. కిటికీలోంచి వీధి మలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. చివరికి తోపుడుబండి వచ్చింది. బండి మీద ఏదో ఎర్రగా మెరిసిపోతోంది. మిషను మీద ఎర్ర వెల్వెట్టు గుడ్డ కప్పి తెస్తున్నారు కాబోలు, ఎంత గొప్పగా తెస్తోంది మా అత్త అనుకున్నాను. బండి దగ్గరికి వచ్చింది. గుడ్డ కాదు. మొత్తం వెల్వెట్టే. చేతులు, వీపు, కాళ్ళ దాకా వేలాడే జాలరు కుచ్చులతో సహా, ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని పడుకోగలిగేంత కుర్చీ.

అత్త బండి పక్కన నడుస్తోంది. పెళ్ళికొడుకును తెస్తున్నట్టు.

"మిషనేది?" అన్నాను మెట్ల మీదే. నా గొంతు నాకే వినపడలేదు.

"ఎక్కడికి పోతుందే మిషను! వచ్చే ఏడు ఇంకోటి తీసేస్తాడు. ఇలాంటి కుర్చీ మళ్ళీ దొరుకుతుందా? ముట్టుకో. చెయ్యి కడుక్కుని ముట్టుకో."

నేను ముట్టుకోలేదు.

బండాయన, అతని తమ్ముడు కలిసి కుర్చీని మెట్ల మీదుగా ఎక్కించారు. గుమ్మం దగ్గర ఆగింది. నేరుగా తోశారు, పట్టలేదు. పక్కకు తిప్పారు, వీపు అడ్డొచ్చింది. తలకిందులు చేశారు, చేతులు అడ్డొచ్చాయి. లోపల మంచం మీద నుంచి నాయనమ్మ మెడ సాచి చూస్తోంది.

"ఏనుగు దూరి తోక ఇరుక్కోడం విన్నాను. ఇదేంటే, తోక దగ్గరే ఆగిపోయింది?"

"నువ్వుండమ్మా. బాబూ, కాస్త ఇటు వంచు. పడుతుంది. నేను కొలిచాను."

"కొలిచారా అమ్మా?" బండాయన చెమట తుడుచుకున్నాడు. "ఈ గుమ్మాన్నేనా?"

"ఈ గుమ్మాన్నే! ఇన్నేళ్ళుగా కొలుస్తున్నాను. నా కొలత తప్పదు. మీకు పట్టుకోడం రాక, గుమ్మాన్ని అంటారేంటి?"

"ఆడలేక మద్దెల ఓడన్నామంటారు. సరేనమ్మా. మా బండిని మాత్రం రోజూ ఆడిస్తున్నాం." మళ్ళీ ఒకసారి తోశాడు. చట్టం మేకు తగిలి కుర్చీ చెయ్యి మీద వెల్వెట్టు పొడవునా గీరుకుపోయింది. అత్త తన ఒంటికి తగిలినట్టు అరిచింది.

అప్పుడు చూశాను. గుమ్మం చట్టానికి జానెడు దూరంలో, వరండా గోడ మీద తెల్లటి సుద్దగీత. అవతలి వైపు కూడా, అంతే దూరంలో ఇంకొకటి.

నేను గీతను చూడడం అత్త చూసింది. తానూ చూసింది. ఒక గీత, తర్వాత రెండో గీత. ఆమె పెదవులు ఏదో లెక్క వేసుకున్నట్టు కదిలాయి. కడ్డీని కొలిచింది. మా గుమ్మానికి లేని, ఎప్పటికీ రాని కడ్డీని కొలిచి, దానికి సరిపోయే కుర్చీని తెచ్చింది.

"ఏమైందే?" అంది నాయనమ్మ లోపల్నుంచి.

"ఏం లేదమ్మా. గోడను కూడా గుమ్మంలో కలిపేశాను," అంది అత్త.

బండాయన తన తమ్ముణ్ణి చూశాడు. ఇద్దరూ నవ్వు ఆపుకోడానికి మెట్ల వైపు తిరిగారు. నాకు నవ్వు రాలేదు. అది నా మిషను కోసం తీసిన కొలత కాదని, ముందురోజే ఆమె మనసు మారిపోయిందని, నేను నూనె చేతులతో కూర్చుని ఉత్తినే మురిసిపోయానని అప్పుడే అర్థమైంది. అన్నిటికంటే అది ఎక్కువ మండింది.

కుర్చీ వరండాలోనే ఉండిపోయింది. నాలుగు వాటాలవాళ్ళూ నడిచే వరండా. ఎవరైనా వస్తే పక్కకు ఒంగి, గోడకు వీపు రాసుకుంటూ వెళ్ళాలి. పక్కవాటా ఆవిడ బిందె పట్టుకుని వచ్చి ఆగి, "ఏంటి వదినా, వరండాకు దర్బారు పెట్టావు! మాకు విన్నపాలు చేసుకునే వేళలేమైనా ఉన్నాయా?" అనేది. అత్త నవ్వేసేది. ఆవిడ పిల్లి మాత్రం విన్నపాలేమీ లేకుండా నేరుగా ఎక్కి పడుకునేది. అత్త పిల్లిని తోలడం, దుప్పటి కప్పడం, మబ్బు పట్టిందంటే నన్ను కేకేయడం. కిటికీకున్న దుప్పటి కూడా తీసి కుర్చీకి కప్పింది. మా కిటికీకి ఆ మాత్రం తెర కూడా పోయింది. ఒకసారి జల్లు పడితే షాపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి కుర్చీని ఇద్దరం గోడవారకు జరిపాం. నేను నిలువునా తడిశాను, కుర్చీ తడవలేదు.

కుర్చీని వెనక్కి ఇస్తానని అత్త ఫర్నిచరు షాపుకు వెళ్ళింది. నేను పోరితేనే వెళ్ళింది. బావమరిది గీరుకుపోయిన చోటు గురించి విని తల అడ్డంగా ఊపాడట. "గీత పడింది కదమ్మా. అయినా అది మా దగ్గర నుంచి బయటికి వెళ్ళడమే గొప్ప," అన్నాడట. ఆ మాట అత్తే వచ్చి చెప్పింది. చెబుతూ నవ్వింది. అప్పుడు నాకు నోరు వచ్చింది.

"నవ్వుతావేంటత్తా? ఎందుకు నవ్వుతావు? నాకు మిషను ఇప్పిస్తానన్నావు. నా ముందే అన్నావు. వచ్చేవారం నేను కౌంటరులో కూర్చోవాలి. నీకు తెలుసు నాకు ఎలా ఉంటుందో. తెలిసీ ఒక కుర్చీ తెచ్చావు. కూర్చోడానికి కూడా కాదు, వానకు కప్పడానికి!"

నాయనమ్మ కర్ర ఆడించడం ఆపి నన్ను చూసింది. ఆమె నా గొంతు అంత పెద్దగా విన్నది అదే మొదలు.

అత్త మెడలోని టేపు తీసి చుట్టసాగింది. ఆమె చెప్పబోయేది నాకు తెలుసనుకున్నాను. పెద్దపెద్ద ఇళ్ళలో స్టూలెక్కి కొలిచేటప్పుడు కింద అలాంటి కుర్చీలు చూసి ఉంటుంది. ఎవరూ కూర్చోమని ఉండరు. ఆ బాధే ఈ కుర్చీ అయి ఉంటుంది. నేనే ఆ మాట అందించాను.

"ఆ ఇళ్ళలో నిన్నెవరూ కూర్చోమనలేదనేనా?"

"అనకేం! అందరూ అంటారు. టీ కూడా ఇస్తారు. కూర్చుంటే పని తెమలదని నేనే కూర్చోను." అత్త నా వైపు వింతగా చూసింది. "ఆ రంగు నచ్చిందే. ఆ ఫర్నిచరు షాపు ముందు నుంచి రోజూ వెళ్తూ చూసేదాన్ని. నచ్చింది. అంతే."

"అంతేనా?"

"ఇంకేముండాలి? పుట్టినప్పట్నుంచి కావలసినవే కొంటున్నాను కదే. మందులు, బియ్యం, చెప్పులు, మళ్ళీ మందులు. కావలసినవాటికి అంతుందా? ఒకటి తెస్తే ఇంకోటి నోరు తెరుచుకుని కూర్చుంటుంది. అక్కర్లేనిది ఒక్కటి తెస్తే అది నన్నేమీ అడగదు." టేపు పక్కన పెట్టి, "నీ మిషను సంగతి మర్చిపోలేదు. మర్చిపోయినట్టు చేశాను. అంతసేపూ గుండె కొట్టుకుంటూనే ఉంది," అంది.

ఆ మాట విన్నాక నాకు కోపం తగ్గాలి. తగ్గలేదు. ఆమె చెప్పింది నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన దిండు గలీబు కుట్టలేం కదా.

మర్నాడు నేను షాపాయన బల్ల ముందుకు వెళ్ళి నిలబడ్డాను. ఆయన తలెత్తలేదు. నేను పిలవలేదు. చివరికి ఆయనే నా చెప్పులు చూసి తలెత్తాడు.

"ఏంటమ్మా?"

"ఆ మిషను ఉందా సార్?"

"గోడౌనులో ఉంది. పాత ఇనుము వాడు రేపో మాపో వస్తానన్నాడు. ఏం, మీ అత్తకు రెండూ కావాలటా?"

"అత్తకు కాదు సార్. నాకు." నా చేతులు బల్ల అంచు పట్టుకున్నాయి. "నేను కౌంటరులో కూర్చుంటాను. ఏడవకుండా కూర్చుంటాను. మిషను వాడికి ఇవ్వకండి. నాకివ్వండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏడవడం కూడా ఉందా అందులో?" అని నవ్వాడు. "సరే. కౌంటరుకు వేరే మనిషి దొరికేదాకా కూర్చో. మిషను పట్టుకెళ్ళు."

ఏ కౌంటరు తప్పించుకోడానికి మిషను అడిగానో, ఆ మిషను కోసం ఆ కౌంటరులోనే కూర్చున్నాను. రోజంతా ఈ రంగు వెలుస్తుందా, ఆ రంగు ఉతకొచ్చా. మొదట్లో గొంతు పైకి రాక జనం రెండేసిసార్లు అడిగేవారు. ఒకాయన, "ఏమ్మా, గుడ్డతో మాట్లాడుతున్నావా, నాతోనా?" అన్నాడు. గుడ్డ వైపు చూస్తేనే నాకు మాట వచ్చేది మరి. కొత్త మనిషి కోసం షాపాయన వెతుకుతున్న జాడ మాత్రం ఎక్కడా కనిపించడం లేదు.

మిషనును తెచ్చింది కూడా ఆ బండాయనే. మెట్ల కింద ఆగి, "ఈసారి గుమ్మాన్నే కొలిచారా, గోడను కూడా కలిపారా?" అని అడిగాడు. అత్త వరండాలో నిలబడి, "నీ నోటిని కొలవాలి ముందు. దానికి కడ్డీ కూడా చాలదు," అంది. మిషను ఎక్కడా తగలకుండా లోపలికి వెళ్ళిపోయింది. మూల ఖాళీగానే ఉంది. ఉండకేం. కుర్చీ లోపలికి పట్టి ఉంటే దానికున్న చోటు ఆ మూలే. ఆ సంగతి ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. అత్తకు తట్టిందో లేదో తెలియదు. నేను అడగలేదు. అడిగితే తన తప్పు కొలతను కూడా నాకు చేసిన మేలు కింద జమ వేసుకుంటుంది.

ఇప్పుడు షాపు నుంచి వచ్చాక కాసేపు గలీబులు కుడతాను. తలుపు తెరిచి ఉంటుంది. బయట వరండాలో అత్త కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటుంది. గీరుకుపోయిన చోట అదే రంగు దారంతో తానే కుట్టుకుంది, ఎక్కడ చిరిగిందో వెతికినా కనపడదు. పిల్లికీ ఆమెకూ ఏదో ఒప్పందం కుదిరినట్టుంది, చెరొక చెయ్యి వైపు ఉంటారు.

నిన్న సాయంత్రం అత్త ఒక చిన్న పొట్లం తెచ్చి మిషను బల్ల మీద పెట్టింది. విప్పితే పింగాణీ బొమ్మ. గొడుగు పట్టుకున్న పిల్ల, అరచేయంత.

"ఎందుకత్తా ఇది?"

"ఎందుకేంటే? నీ మిషను బోసిగా ఉంది. కొత్త మిషనుకు నా తరఫున."

"కొత్త మిషనెక్కడ కొత్తది. దారం లేదు నా దగ్గర. దారం తేవచ్చు కదా?"

"దారం నువ్వు ఎలాగూ తెచ్చుకుంటావు," అని వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

ఆ బొమ్మతో పెద్ద చావొచ్చింది. నేను తొక్కితే మిషను అదురుతుంది. మిషను అదిరితే బొమ్మ కదులుతుంది. ఒక అంచు కుట్టేలోపు గొడుగుపిల్ల నడుచుకుంటూ బల్ల చివరికి వెళ్ళిపోతుంది. ఆపి, పట్టుకుని, వెనక్కి పెట్టి, మళ్ళీ తొక్కాలి. గలీబుకు ఎన్ని అంచులో అన్నిసార్లు.

"తీసి ఆ ద్రాక్షగుత్తి పక్కన పడేయవే!" అంటుంది నాయనమ్మ మంచం మీద నుంచి.

"పడేస్తాను నాయనమ్మా. ఈ కట్ట అవ్వనీ," అంటాను. అని, పాదం ఆపి, చెయ్యి చాచి, అంచున ఊగుతున్న దాన్ని మళ్ళీ పట్టుకుంటాను.